కనబడని కణాలు, కొలవదగిన గుర్తులు

ఒక బరువైన కణం ఉనికిని తెలుసుకోవడానికి కణభౌతికశాస్త్రంలో రెండు మార్గాలున్నాయి. తగినంత శక్తితో ప్రోటాన్లనో ఎలక్ట్రాన్లనో ఢీకొట్టించి, ఆ కణాన్ని నేరుగా పుట్టించి, అది విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే శకలాలను పట్టుకోవడం మొదటిది. అంత శక్తి చేతిలో లేనప్పుడు, ఇప్పటికే తెలిసిన కణాల లక్షణాలను అతి సూక్ష్మంగా కొలిచి, సిద్ధాంతం చెప్పిన విలువకూ కొలిచిన విలువకూ మధ్య మిగిలే చిన్న తేడాలో కొత్త కణం జాడ వెతకడం రెండవది. ఈ రెండో మార్గంలో యంత్రానికి ఎంత పని ఉంటుందో కాగితం మీది లెక్కకూ అంతే పని ఉంటుంది. ప్రకృతిలోని ప్రతి కణానికీ ఇంకా కనబడని ఒక జోడీ ఉందని చెప్పే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతాన్ని పరీక్షించడంలో ఈ మార్గం ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది ఈ అధ్యాయంలోని విషయం.

బహ్రెయిన్‌లో జరిగే ముత్యాల పరీక్షకూ ఈ పద్ధతికీ దగ్గరి పోలిక ఉంది. ఆ దేశంలో పెంపకపు ముత్యాల వ్యాపారం నిషిద్ధం కాబట్టి, సముద్రంలో సహజంగా పెరిగిన ముత్యమేదో, లోపల పూస పెట్టి పెంచినదేదో తేల్చడం అక్కడి వర్తకానికి ప్రాణావసరం. మనామాలో 2017లో ఏర్పడిన దానత్ సంస్థ ముత్యాన్ని కోయకుండా, గీయకుండా, ఎక్స్ కిరణాలతో దాని లోపలి పొరల చిత్రాన్ని తీసి మధ్యలో ఏముందో నిర్ణయిస్తుంది. హైదరాబాద్ సంపన్న కుటుంబాలు బస్రా ముత్యాలన్న పేరుతో తరతరాలుగా దాచుకున్నవి ఈ గల్ఫ్ జలాల ముత్యాలే. సహజ ముత్యం పొరలు ఎలా ఉండాలో ముందే కచ్చితంగా తెలిసినవారికి మాత్రమే ఆ చిత్రం ఏమైనా చెబుతుంది. తెలియనివారికి అది ఉత్త నలుపూ తెలుపూ మచ్చలే. కణభౌతికశాస్త్రంలోనూ అంతే. కొత్త కణమేదీ లేకపోతే ఫలానా కొలత ఎంత రావాలో ముందుగా, నమ్మదగిన దోషపరిమితితో లెక్కగట్టి ఉంచకపోతే, ఎంత గొప్ప కొలత వచ్చినా దాని అర్థం తెలియదు.

విద్యుదయస్కాంత బలమూ, కొన్ని రకాల రేడియోధార్మిక విచ్ఛిన్నానికి కారణమైన దుర్బల బలమూ ఒకే మూలానికి చెందిన రెండు రూపాలని చెప్పే విద్యుత్-దుర్బల సిద్ధాంతమే అలాంటి లెక్కకు ఆధారం. షెల్డన్ గ్లాషో 1961లోనూ, స్టీవెన్ వైన్‌బర్గ్ 1967లోనూ, అబ్దుస్ సలామ్ 1968లోనూ చేసిన కృషితో రూపుదిద్దుకున్న ఈ సిద్ధాంతంలో అనంతాలు మిగలకుండా లెక్కలు చేయవచ్చని 1971లో నెదర్లాండ్స్‌కు చెందిన గెరార్డ్ ట్ హూఫ్ట్, తన గురువు మార్టినస్ వెల్ట్‌మాన్ వేసిన బాటలో నిరూపించాడు. ఆ నిరూపణ లేకపోతే ఈ అధ్యాయంలో చెప్పుకునే సూక్ష్మ అంచనాలేవీ సాధ్యమయ్యేవి కావు. దుర్బల బలాన్ని మోసే డబ్ల్యూ, జెడ్ అనే బోసాన్లు 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో దొరికాయి.

ఈ సిద్ధాంతంలోని ఒక ప్రత్యేకత ఏమిటంటే, మూడు సంఖ్యలు తెలిస్తే నాలుగోది దానంతటదే నిర్ణయమవుతుంది. విద్యుదావేశపు బలాన్ని చెప్పే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం మొదటిది. దాని విలువ దాదాపు 137వ వంతు. మ్యూయాన్ అనే కణం సగటు జీవితకాలం నుంచి రాబట్టే ఫెర్మీ స్థిరాంకం రెండవది. సెకనులో పది లక్షల వంతును మైక్రోసెకను అంటే, మ్యూయాన్ సుమారు 2.197 మైక్రోసెకన్లు మాత్రమే జీవిస్తుంది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో జరిగిన మ్యూలాన్ ప్రయోగం లక్ష కోట్లకు మించిన మ్యూయాన్ విచ్ఛిన్నాలను గమనించి, ఆ కాలాన్ని పది లక్షల్లో ఒక వంతు కచ్చితత్వంతో 2011లో ప్రకటించింది. మూడవది జెడ్ బోసాన్ ద్రవ్యరాశి. ఈ మూడింటినీ సమీకరణంలో పెడితే డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశి వస్తుంది.

జెడ్ ద్రవ్యరాశిని కొలిచిన తీరు కాస్త ఆగి చూడదగినది. సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల భూగర్భ సొరంగంలో 1989 నుంచి 2000 వరకు పనిచేసిన లెప్ యంత్రంలో ఎలక్ట్రాన్లూ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లూ ఎదురెదురుగా ఢీకొనేవి. నాలుగు ప్రయోగాలు కలిసి సుమారు 1.7 కోట్ల జెడ్ బోసాన్లను నమోదు చేశాయి. కణపుంజం శక్తిని సరిగ్గా తెలుసుకోవాలన్న ప్రయత్నంలో శాస్త్రవేత్తలకు కొన్ని వింత ఒడిదుడుకులు ఎదురయ్యాయి. చంద్రుని ఆకర్షణ వల్ల సముద్రంలో ఆటుపోట్లు వచ్చినట్లే నేల కూడా అతి స్వల్పంగా పొంగి కుంగుతుంది. ఆ మార్పుకు 27 కిలోమీటర్ల వలయం చుట్టుకొలత సుమారు ఒక మిల్లీమీటరు మారి, పుంజం శక్తి కొలవదగినంతగా చలించేది. జెనీవా నుంచి పారిస్ వైపు వెళ్లే టీజీవీ రైళ్ల పట్టాల నుంచి నేలలోకి జారిన విద్యుత్ ప్రవాహం కూడా యంత్రపు అయస్కాంతాల మీద ప్రభావం చూపుతున్నదని తేలింది. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాకే జెడ్ ద్రవ్యరాశి 91,187.5 ఎంఈవీ అని, అందులో దోషం 2.1 ఎంఈవీ మాత్రమేనని ప్రకటించగలిగారు. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ. ద్రవ్యరాశినీ శక్తినీ ఒకే ప్రమాణంలో చెప్పడం ఈ రంగంలో వాడుక.

లెప్ ఇంకా చాలా ఎక్కువ శక్తికి వెళ్లలేకపోవడానికి ఒక కారణం ఉంది. వలయంలో తిరిగే ఎలక్ట్రాన్లు నిరంతరం కాంతిరూపంలో శక్తిని కోల్పోతాయి. దాన్నే సింక్రోట్రాన్ వికిరణం అంటారు.  

మూడు సంఖ్యలనూ నేరుగా సమీకరణంలో పెడితే డబ్ల్యూ ద్రవ్యరాశి సుమారు 80.94 జీఈవీ వస్తుంది. ప్రయోగాల్లో కనిపించేది సుమారు 80.37 జీఈవీ. తేడా ఒక శాతం కూడా లేదు గాని, నేటి కొలతల దోషం పది ఎంఈవీల స్థాయిలో ఉండగా తేడా 570 ఎంఈవీలు. కాబట్టి దీన్ని ఉపేక్షించే వీలు లేదు. ఈ లోటును పూరించేవే లూప్ సవరణలు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం డబ్ల్యూ బోసాన్ ప్రయాణించే దారిలో క్షణకాలం టాప్, బాటమ్ అనే క్వార్కుల జంటగా మారి మళ్లీ డబ్ల్యూగా కలిసిపోగలదు. ఇలా విడిపోయి కలిసే వలయాన్ని లూప్ అని, ఆ క్షణకాలపు కణాలను మిథ్యా కణాలని అంటారు. వాటిని ఏ పరికరమూ చూడలేదు, కానీ వాటి ప్రభావం డబ్ల్యూ ద్రవ్యరాశిలో నిలిచిపోతుంది. అమెరికాలో పనిచేసిన ఆల్బర్టో సిర్లిన్ 1980లో ఈ సవరణలన్నిటినీ డెల్టా-ఆర్ అనే ఒకే రాశిగా కూర్చాడు. అందులో విద్యుదావేశపు బలం శక్తితోపాటు మారడం వల్ల డబ్ల్యూ ద్రవ్యరాశి సుమారు 950 ఎంఈవీ తగ్గుతుంది. టాప్ క్వార్కు వల్ల 500 ఎంఈవీకి పైగా పెరుగుతుంది. మిగిలిన చిన్నాచితకా సవరణలు కలిసి దాన్ని మళ్లీ కొంత తగ్గిస్తాయి.

టాప్ ప్రభావం అంత పెద్దదిగా ఉండటానికి కారణాన్ని వెల్ట్‌మాన్ 1977లోనే చూపాడు. దుర్బల బలం దృష్టిలో టాప్, బాటమ్ ఒకే జంటలోని రెండు సభ్యులు. వాటి ద్రవ్యరాశులు సమానంగా ఉంటే ఈ సవరణ శూన్యమయ్యేది. టాప్ సుమారు 172.5 జీఈవీ, బాటమ్ నాలుగైదు జీఈవీ మాత్రమే. జంటలో ఎంత అసమానత ఉంటే సవరణ అంత పెరుగుతుంది, అదీ ద్రవ్యరాశి వర్గంతో. టాప్ క్వార్కును 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాలకు చెందిన సీడీఎఫ్, డీ-జీరో ప్రయోగాలు పట్టుకోకముందే, లెప్ కొలతల ఆధారంగా దాని ద్రవ్యరాశి 150, 200 జీఈవీల మధ్య ఉండాలని సిద్ధాంతవేత్తలు అంచనా కట్టారు; దొరికిన కణం ఆ హద్దుల్లోనే ఉంది. పరోక్ష పద్ధతి మీద శాస్త్రలోకానికి గట్టి నమ్మకం కుదిరింది ఈ విజయంతోనే.

సూపర్‌సిమెట్రీ కథ ఇక్కడ మొదలవుతుంది. పదార్థానికి మూలమైన ఎలక్ట్రాన్, క్వార్కు వంటి కణాలను ఫెర్మియాన్లని, బలాలను మోసే కణాలను బోసాన్లని అంటారు. 1970ల తొలినాళ్లలో సోవియట్ యూనియన్‌లో గోల్ఫాండ్, లిఖ్త్‌మాన్‌లు, ఆ తర్వాత 1974లో వెస్, జుమినోలు ప్రతిపాదించిన సౌష్ఠవం ప్రకారం ప్రతి ఫెర్మియాన్‌కూ ఒక బోసాన్ జోడీ, ప్రతి బోసాన్‌కూ ఒక ఫెర్మియాన్ జోడీ ఉండాలి. టాప్ క్వార్కు జోడీ స్టాప్, బాటమ్ జోడీ స్బాటమ్, క్వార్కులను బంధించే బలాన్ని మోసే గ్లూవాన్ జోడీ గ్లూయినో. ఈ సౌష్ఠవం చెక్కుచెదరకుండా ఉంటే జోడీల బరువులు సమానంగా ఉండేవి, అవి ఎప్పుడో కనబడేవి. కనబడలేదు కాబట్టి సౌష్ఠవం భగ్నమై, జోడీలన్నీ బరువెక్కి ఉండాలి. ఆ భంగం ఎలా జరిగిందో తెలియనందువల్ల, అతి తక్కువ కణాలతో కూర్చిన నమూనాలో కూడా నూరుకు పైగా కొత్త సంఖ్యలు అనిశ్చితంగా మిగిలిపోతాయి. అయినా ఈ సిద్ధాంతాన్ని భౌతికవేత్తలు యాభై ఏళ్లుగా వదలకపోవడానికి బలమైన కారణాలున్నాయి: ఇతర కణాలకు ద్రవ్యరాశి రావడంతో ముడిపడిన హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి అమాంతం పెరిగిపోకుండా ఇది కాపాడగలదు, విశ్వంలోని చీకటి పదార్థానికి తగిన కణాన్ని ఇవ్వగలదు, 1991లో లెప్ ఫలితాలతో లెక్క వేసినప్పుడు మూడు బలాల తీవ్రతలు అత్యధిక శక్తి వద్ద ఒకే బిందువులో కలవడం ఇందులోనే చక్కగా కుదిరింది.

స్టాప్, స్బాటమ్‌లు కూడా ఒకే జంటకు చెందినవి కాబట్టి వెల్ట్‌మాన్ చూపిన సూత్రం వాటికీ వర్తిస్తుంది. ఆ రెండింటి ద్రవ్యరాశుల మధ్య అంతరం ఉంటే డబ్ల్యూ ద్రవ్యరాశి పెరగాలి. ఈ జంట ఇచ్చే ప్రధాన సవరణ ఎప్పుడూ ఒకే దిశలో, అంటే పెంచే దిశలోనే పనిచేస్తుందన్నది ఈ రంగంలోని అత్యంత ఉపయోగకరమైన ఫలితాల్లో ఒకటి. నూరు తెలియని సంఖ్యలున్న సిద్ధాంతం నుంచి ఇంత స్పష్టమైన మాట రావడం అరుదు. రెండో సాధారణ నియమం, బరువు పెరిగేకొద్దీ ప్రభావం తరిగిపోవడం: జోడీ కణాల ద్రవ్యరాశులు రెట్టింపైతే వాటి సవరణ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుచేత జోడీలు చాలా బరువైనవైతే సూపర్‌సిమెట్రీ చెప్పే విలువ, ఈనాడు రూఢి అయిన ప్రామాణిక నమూనా చెప్పే విలువతో కలిసిపోవాలి.

ఈ రెండు నియమాలను అంకెలుగా మార్చడానికి దశాబ్దాలు పట్టింది. బార్బియేరి, మయానీలు 1983లో తొలి అంచనా వేశారు. 1994లో షాంకోవ్‌స్కీ, హోలిక్, పొకోర్‌స్కీ తదితరులు ఒక్క లూప్ ఉన్న సవరణలన్నిటినీ పూర్తిగా లెక్కించారు. 1997లో జువాదీ, గాంబీనో, హైన్‌మేయర్, హోలిక్, యుంగర్, వైగ్లైన్‌ల బృందం బలమైన కేంద్రక బలం కలిసిన రెండు లూపుల సవరణను చేర్చింది. 2006లో హైన్‌మేయర్, హోలిక్, స్టోకింగర్, వెబర్, వైగ్లైన్‌లు అందుబాటులో ఉన్న సవరణలన్నీ కలిపి డబ్ల్యూ ద్రవ్యరాశికి అప్పటికి అత్యంత సూక్ష్మమైన అంచనా ప్రచురించారు. వారు అనుసరించిన క్రమంలో ఒక వివేకం ఉంది. ప్రామాణిక నమూనాలో సవరణలు రెండు లూపుల వరకు పూర్తిగా, ఆపైన పాక్షికంగా తెలుసు. సూపర్‌సిమెట్రీలో అంత లోతుగా తెలియవు. అందుకని మొదట ప్రామాణిక నమూనా విలువను సంపూర్ణంగా తీసుకుని, కొత్త కణాల వల్ల అదనంగా వచ్చేదాన్ని మాత్రమే దానికి కలిపారు. దానివల్ల జోడీల బరువు పెంచుతూ పోతే ఫలితం సరిగ్గా ప్రామాణిక నమూనా విలువ దగ్గర ఆగుతుంది.

ఇందులో మరొక చిక్కు ఉంది. లూప్ లెక్కల్లో తలెత్తే అనంతాలను అదుపు చేయడానికి స్థలకాలాలకు నాలుగు పరిమాణాలకు బదులు నాలుగుకు అతి చేరువలోని ఒక భిన్న సంఖ్యను ఊహించడం పరిపాటి. అలా చేసినప్పుడు గ్లూవాన్ వంటి కణాల అంశాల సంఖ్య కొద్దిగా మారిపోతుంది, దాని జోడీ గ్లూయినో అంశాలు మారవు. ఫలితంగా లెక్క చేసే పద్ధతే సూపర్‌సిమెట్రీని చెడగొడుతుంది. వారెన్ సీగెల్ 1979లో సూచించిన మరో పద్ధతి, అంశాల సంఖ్యను అలాగే ఉంచి ద్రవ్యవేగాల పరిమాణాలను మాత్రమే మార్చడం ద్వారా ఈ దోషాన్ని తప్పిస్తుంది. ఇలాంటి అంశాల మీద ఏళ్ల తరబడి జరిగిన శ్రమ వార్తల్లోకి ఎక్కదు గాని, కొత్త కణం దొరికిందని ఎవరైనా చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఉంటుందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంటుంది. 2006 నాటి అంచనాలో, ఇంకా లెక్కించని సవరణల వల్ల డబ్ల్యూ ద్రవ్యరాశిలో మిగిలే అనిశ్చితి, జోడీల బరువును బట్టి, సుమారు 5 నుంచి 9 ఎంఈవీల దాకా ఉంది. దీనికి తోడు టాప్ ద్రవ్యరాశిలో ఒక్క జీఈవీ పొరపాటు ఉంటే డబ్ల్యూ అంచనా దాదాపు 6 ఎంఈవీ జరుగుతుంది.

లెక్కకు ఎంత బలముందో హిగ్స్ బోసాన్ ఉదంతం మరింత స్పష్టంగా చూపుతుంది. కనిష్ఠ సూపర్‌సిమెట్రీ నమూనాలో లూపులు లేకుండా చూస్తే, తేలికైన హిగ్స్ జెడ్ కంటే, అంటే 91 జీఈవీ కంటే బరువుగా ఉండకూడదు. 1991లో మూడు బృందాలు వేర్వేరుగా, టాప్, స్టాప్ లూపులు ఈ హద్దును చాలా పైకి నెడతాయని చూపాయి. సవరణ టాప్ ద్రవ్యరాశి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తరువాతి లెక్కల్లో హద్దు సుమారు 135 జీఈవీ దగ్గర స్థిరపడింది. 2012 జూలై 4న సెర్న్ ప్రకటించిన హిగ్స్ ద్రవ్యరాశి సుమారు 125 జీఈవీ. హద్దు లోపలే ఉంది. కానీ అంత బరువు రావాలంటే స్టాప్‌లు చాలా బరువుగా గాని, తమలో తాము బాగా మిశ్రమమై గాని ఉండాలి. దానితో డబ్ల్యూ ద్రవ్యరాశిని పెంచగల తేలికపాటి స్టాప్‌లకు చోటు తగ్గింది. ఒక కొలత మరొక కొలతకు అవకాశాన్ని కుదించడం ఈ రంగంలో తరచు జరిగేదే. అందుకే ఏ ఒక్క సంఖ్యనూ విడిగా చూసి తీర్పు చెప్పకూడదు.

2022 ఏప్రిల్‌లో సీడీఎఫ్ ప్రయోగం తన పాత దత్తాంశాలన్నిటినీ విశ్లేషించి ప్రకటించిన ఫలితం ఈ మాటకు పెద్ద పరీక్ష అయింది. దాని ప్రకారం డబ్ల్యూ ద్రవ్యరాశి 80,433.5 ఎంఈవీ, దోషం 9.4. ప్రామాణిక నమూనా చెప్పేది 80,357, దోషం సుమారు 6. తేడా దోషాలకు ఏడు రెట్లు, అదీ సూపర్‌సిమెట్రీ కోరే దిశలో. సహజంగానే ఎన్నో వ్యాసాలు వెలువడ్డాయి. అయితే నిదానంగా లెక్క వేసినవారు గుర్తించింది వేరు: సెర్న్‌లో ప్రోటాన్లను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రంలోని అన్వేషణలు చాలా సందర్భాల్లో గ్లూయినోలను రెండు వేల జీఈవీలకు పైకి నెట్టివేశాక, స్టాప్‌లకు కూడా గట్టి హద్దులు పెట్టాక, కనిష్ఠ నమూనాలో డబ్ల్యూను 70 ఎంఈవీలకు పైగా పెంచడం అత్యంత కష్టం. సీడీఎఫ్ విలువ నిజమైతే అది సూపర్‌సిమెట్రీ సాధారణ రూపానికి ఊరట కంటే చిక్కే ఎక్కువ తెచ్చేది.

ఎల్‌హెచ్‌సీ ప్రయోగాలు ఆ విలువను బలపరచలేదు. అట్లాస్ తన దత్తాంశాలను తిరిగి చూసి 80,366.5 ఎంఈవీ అంది. 2024 సెప్టెంబరులో సీఎంఎస్, 2016 నాటి ఘర్షణల నుంచి ఏరిన పది కోట్లకు పైగా డబ్ల్యూ విచ్ఛిన్నాలను విశ్లేషించి 80,360.2 ఎంఈవీ, దోషం 9.9 అని ప్రకటించింది. కచ్చితత్వంలో సీడీఎఫ్‌కు సాటి వచ్చే ఈ ఫలితం ప్రామాణిక నమూనాతో చక్కగా కలుస్తుంది.  సీడీఎఫ్ విలువ మిగతావాటితో ఎందుకు కలవడం లేదన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సమాధానం రాలేదు.

ఇలాంటి విభేదం ఇదే మొదటిది కాదు. విద్యుదయస్కాంత, దుర్బల బలాలు ఎంతమేరకు కలిసి ఉన్నాయో చెప్పే దుర్బల మిశ్రమ కోణపు సైన్ వర్గానికి అమెరికాలోని స్లాక్ ప్రయోగశాల ఇచ్చిన విలువ 0.23098; లెప్‌లో బాటమ్ క్వార్కుల ద్వారా వచ్చినది 0.23221. రెండిటి సగటు ప్రామాణిక నమూనాకు సరిపోతుంది, విడివిడిగా చూస్తే దోషాలకు మూడు రెట్ల దూరంలో ఉన్నాయి. ఆ విభేదం నేటికీ తీరలేదు. మ్యూయాన్ అయస్కాంత ధర్మం విషయంలో జరిగింది ఇంకా బోధప్రదం. 2021లో, పాత కొలతతో కలిపి చూసిన ఫెర్మీల్యాబ్ కొలతకూ సిద్ధాంతానికీ మధ్య దోషానికి నాలుగు రెట్లకు మించిన తేడా కనబడి సూపర్‌సిమెట్రీ మీద ఆశలు చిగురించాయి. ఆ తర్వాత కొలత మరింత మెరుగై 2025లో తుది ఫలితం వచ్చింది. మారింది మాత్రం సిద్ధాంత విలువ. క్వార్కుల ప్రభావాన్ని భారీ కంప్యూటర్లలో జాలక పద్ధతితో నేరుగా లెక్కించినప్పుడు తేడా చాలావరకు కరిగిపోయింది. కొత్త కణమనుకున్నది లెక్కలోని లోటుగా తేలింది.

కాబట్టి సూపర్‌సిమెట్రీ గురించి సూక్ష్మ కొలతలు చెప్పే మాట ఇది: స్వల్ప బరువున్న జోడీలకు, ముఖ్యంగా తేలికపాటి స్టాప్‌లకు అవకాశం చాలా కుదించుకుపోయింది, బరువైన జోడీలను ఈ కొలతలు కాదనలేవు, అవుననీ అనలేవు. ఆ స్థితి మారాలంటే కొత్త యంత్రం కావాలి. జెనీవా దగ్గర సుమారు 91 కిలోమీటర్ల వలయంతో సెర్న్ ప్రతిపాదించిన భావి కొలైడర్ లక్షల కోట్ల జెడ్ బోసాన్లను ఉత్పత్తి చేసి, డబ్ల్యూ ద్రవ్యరాశిని ఒక్క ఎంఈవీ కంటే తక్కువ దోషంతో కొలవగలదని అంచనా. ఆ రోజుకు ప్రామాణిక నమూనాలోని సిద్ధాంత అనిశ్చితి నేటి 4 ఎంఈవీల దగ్గరే ఉండిపోతే ఆ యంత్రం ఇచ్చే కచ్చితత్వంలో అధిక భాగం వృథా అవుతుంది. దాన్ని తగ్గించడానికి మూడు లూపుల సవరణలు పూర్తిగా కావాలి. సూపర్‌సిమెట్రీలోనైతే రెండు లూపుల లెక్కే ఇంకా సంపూర్ణం కాలేదు.